హల్వార్డ్ రికార్డులో ఖాళీ చోటు

మా దీవిలో పడవ రేడియో పాడైతే హల్వార్డ్‌ని పిలుస్తారు. చేపల గుంపు ఎక్కడుందో చూపించే యంత్రం మొరాయించినా అతన్నే పిలుస్తారు. వయసు యాభై మూడు. పెళ్లి చేసుకోలేదు. తల్లి పోయాక ఆమె ఇంట్లోనే, ఆమె కట్టిన కిటికీ తెరలు కూడా మార్చకుండా ఉంటున్నాడు. రేవు పక్కన అతనికి పడవల కొట్టం ఒకటి ఉంది. అందులో పడవ లేదు. తీగలు, మీటల పెట్టెలు, పెద్ద రీళ్ల టేపు యంత్రం ఉన్నాయి. వాటితో సంగీతం చేస్తాడు. పాట అనలేం దాన్ని, తాళం ఉండదు. ఒక స్వరం పొగమంచులా నీళ్ల మీదుగా వచ్చి, చాలాసేపు నిలబడి, ఎటో పోతుంది.

మా ఆడపడుచు గున్వోర్ ఊరుకునే మనిషి కాదు. "మా చేపల ఫ్యాక్టరీలో ఫ్రిజ్ ఇంతకంటే బాగా పాడుతుంది హల్వార్డ్! దాన్ని కూడా రికార్డు చెయ్యరాదూ?" అనేది.

"చేశాను," అనేవాడతను. "మొన్నటి దాంట్లో మొదలంతా అదే."

వెటకారం కాదు. నిజంగానే చేశాడు.

నా భర్త టోర్లేవ్ ఫెర్రీ నడిపేవాడు. ఊరి బ్యాండులో ట్రంపెట్ వాయించేవాడు. మే పదిహేడు జాతీయ పండుగ జెండాల ఊరేగింపులో ముందు వరసలో ఉండేవాడు. ఏడాది పొడుగునా మంగళవారాలు మాత్రం ట్రంపెట్ పట్టుకుని హల్వార్డ్ కొట్టంలోనే, అతను టేపు చేస్తుండగా. ఇరవై రెండేళ్లు అలాగే సాగింది. నేనెప్పుడూ వెళ్లలేదు, వాళ్లూ రమ్మనలేదు. ఇంటికొచ్చాక "ఎలా వాయించారు?" అంటే "బాగానే" అనేవాడు. మా వైపు మగవాళ్ల నోట అంతకంటే పెద్ద మాట రాదు.

రెండేళ్ల కిందట మార్చిలో, ఫెర్రీని రేవుకి కడుతుండగా, తాడు చేతిలో ఉండగానే ఆయన గుండె ఆగిపోయింది.

చావు జరిగిన ఇంటికి మావాళ్లు కేకులు పట్టుకొస్తారు. కాఫీ తాగుతూ గాలీవానా గురించి మాట్లాడతారు. పోయిన మనిషి పేరు మాత్రం ఎత్తరు. ఎత్తితే ఇంట్లోవాళ్లకి కష్టమని. హల్వార్డ్ కూడా అంతే. ప్రతి గురువారం వచ్చేవాడు. నేను వాఫిల్స్, అంటే గళ్లగళ్ల తీపి అట్లు, పోసేదాన్ని. జామ్ రాసుకుని నాలుగు తినేవాడు, తడి మేజోళ్లు పొయ్యి దగ్గర ఆరబెట్టుకునేవాడు, కాఫీ బాగుందని చెప్పి వెళ్లిపోయేవాడు.

ఒక గురువారం తలదించుకుని, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు చెప్పాడు. "ఓస్లోలో ఒక చిన్న కంపెనీ వాళ్లు రికార్డు వేస్తామంటున్నారు. నా ఒక్కడి పేరు మీద. మొదటిసారి."

అప్పుడే వచ్చిన గున్వోర్ అందుకుంది. "అబ్బో! ఇంకేం, గొప్పోడివైపోతావు. మా రేడియోలు ఎవరు చూస్తారయ్యా?"

నేను "ఎప్పుడొస్తుంది?" అని మాత్రం అడిగాను. నా మనసులో ఉన్నది వేరు. మా ఇంట్లో టోర్లేవ్ గొంతు ఎక్కడా లేదు. ఆయన ఊపిరి మిగిలింది ఆ కొట్టంలోని రీళ్లలోనే. ఆ రికార్డులో ఆయన ట్రంపెట్ ఉంటుంది, ఒక్కసారి వినాలి, అంతే. ఉందా అని అడగలేదు. అడిగితే అతన్ని ఇరుకున పెట్టినట్టవుతుందనుకున్నాను. ఈ గురువారం చెబుతాడు, వచ్చే గురువారం చెబుతాడు అనుకుంటూనే ఏడాది గడిచింది.

నవంబరు ఆఖరున, మా ఉత్తరాన చలికాలానికి సూర్యుడు ఇక కనబడడం మానేసిన వారంలో, ఆదివారం మధ్యాహ్నం ఆ రికార్డు వచ్చిందని ఊరి హాల్లో కచేరీ పెట్టారు. ఇరవై ఒక్క మందిమి వచ్చాం. బల్ల మీద యంత్రాలు, ఒక దీపం, వెనక హల్వార్డ్ ఒక్కడే. నేను ఒళ్లో చేతులు బిగించుకుని విన్నాను. రికార్డులోవి అయిదు వినిపించాడు, ప్రతిదానిలోనూ ఒకచోట మోత వెనక్కి తగ్గి ఆగేది. ఇప్పుడు వస్తుంది అనుకునేదాన్ని. ఏమీ వచ్చేది కాదు. అలా అయిదూ అయిపోయాయి.

"ఎవరో రావలసిన వాళ్లు రానట్టుందే బోర్గిల్," అని గున్వోర్ నా చెవిలో అంది.

కచేరీ అయ్యాక కాఫీ కప్పులు కడిగే వంతు ఆ రోజు నాది. హల్వార్డ్ తుడవడానికి వచ్చాడు.

"టోర్లేవ్ లేడు," అన్నాను. రెండేళ్లలో అతని ముందు ఆ పేరు పలకడం అదే మొదలు.

అతని చేతిలో గుడ్డ ఆగింది. "ఉన్నాడు. అన్నిటిలోనూ ఉన్నాడు. రికార్డుకి ఇచ్చేటప్పుడు నేనే తీసేశాను."

"ఎందుకు?"

"నువ్వు వినలేవేమో అని. ఒక్కసారైనా వాడి పేరెత్తావా నువ్వు?"

"నువ్వెత్తావా?"

"లేదు."

"చెబుతావని నేను, అడుగుతానని నువ్వు. ఈలోగా ఎన్ని వాఫిల్స్ తిన్నావో తెలుసా?"

"మాడినవి కూడానా?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "రికార్డు అచ్చయిపోయింది, మార్చలేను. రీళ్లున్నాయి. రేపు రా," అన్నాడు.

మర్నాడు వెళ్లాను. కొట్టంలో తారు వాసన. ముందు టేపు గరగర, తర్వాత ఎవరో గొంతు సవరించుకోవడం, తర్వాత ట్రంపెట్. స్వరం తక్కువ, ఊపిరి ఎక్కువ. ఏడుస్తాననుకున్నాను, ఏడవలేదు. మధ్యలో వాయింపు ఆగి నవ్వు వినిపించింది. టోర్లేవ్ పగలబడి, ఊపిరాడక, ఎక్కిళ్లు పెడుతూ నవ్వుతున్నాడు. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆ నవ్వు నేను వినలేదు.

"ఎందుకలా నవ్వుతున్నాడు?"

"నేను కుర్చీలోంచి పడ్డాను."

"ఎప్పుడూ ఇలాగే నవ్వేవాడా?"

"ఇక్కడైతే ఇలాగే," అన్నాడు.

తిరుగుతున్న రీలునే చూశాను. తర్వాత అడిగాను. "తీసేసిన చోట నువ్వే ఏదైనా వాయించొచ్చుగా?"

"చాలాసార్లు చూశాను. అక్కడికి రాగానే చెయ్యి లేవదు." రీలు ఆపాడు. "ఇంకో రికార్డంటూ వేస్తే వాడిని పెట్టనా?"

"ట్రంపెట్ పెట్టు. నవ్వు పెట్టకు. అది నీది."

తల ఊపాడు. గుమ్మం దాకా వచ్చి, ఇంటిదాకా తోడు రానా అన్నాడు. వద్దన్నాను.

ఇంట్లో పొయ్యి ఆరిపోయి ఉంది. వెలిగించబుద్ధి కాలేదు. కోటు విప్పకుండానే కూర్చుని, నేనేదైనా చేసినప్పుడు ఆయన అలా నవ్వాడా అని పెళ్లినాటి నుంచీ ఒక్కొక్క ఏడాదే వెతుక్కుంటూ వచ్చాను.