నల్లబడ్డ కడియాలు

జీపు అమ్మేశాక దాని షెడ్డును గది చేయించాలన్నది సుశీల ఆలోచనే. పక్షవాతంతో కాళ్ళు పడిపోయిన అత్త సత్తెమ్మను మేడ మెట్లెక్కించలేక, దించలేక ఇంటిల్లిపాదీ అలసిపోయారు. మేస్త్రీ మొగులయ్య షట్టరు తీసి గోడ కట్టాడు, కిటికీ పెట్టాడు. జీపు కడిగిన నీళ్ళు పోయే జాలీ మీద షాబాద్ బండ పరిచాడు. సరిగ్గా దాని మీదికే సత్తెమ్మ మంచం వచ్చింది.

ఆ నెలలోనే సుశీల భర్త లక్ష్మణ్, శామీర్‌పేట భూమి బేరం తెగడం లేదని ఒక వాస్తు పంతులును తీసుకొచ్చాడు. "ఈశాన్యంల గంత ఎత్తు పైపా? ఇంటి నెత్తి మీద మేకు కొట్టినట్టున్నది" అన్నాడాయన. సాయంత్రానికల్లా సెప్టిక్ ట్యాంకు గాలిపైపు నేలమట్టంగా తెగింది. పైన మూత బిగించారు.

వానలు మొదలయ్యాక గదిలో మురిగిన గుడ్డు వాసన. సుశీల ఫినాయిలుతో తుడిచింది, ఊదుకడ్డీలు ముట్టించింది. వాసన పోయినట్టే పోయి మళ్ళీ వచ్చేది.

"ముసలామె పండే అర్ర. అత్తరు వాసనొస్తదా మరి?" అన్నాడు లక్ష్మణ్.

"నా ముక్కు ఎప్పుడో సచ్చింది బిడ్డా," అంది సత్తెమ్మ. "నువ్వు కల్లు దాగొచ్చినా నాకు తెల్వది, ఇగ బేఫికర్‌గ ఉండు."

ఒక శుక్రవారం అత్త కాళ్ళు కడుగుతూ సుశీల ఆగిపోయింది. వెండి కడియాలు బొగ్గులా ఉన్నాయి. పోయిన వారమే విబూది పెట్టి తోమింది. మనిషిలో జీవం తగ్గితే ఒంటి మీది వెండి నల్లబడుతుందని ఆమె తల్లి చెప్పేది. ఆ తల్లి పోయిననాడు మెట్టెలదీ ఇదే రంగు.

"ఏందే, గట్ల సూస్తున్నవ్? నేనింకా సావలే."

"ఏం లేదత్తా. మురికి."

తోమింది. మళ్ళీ నల్లబడ్డాయి. సత్తెమ్మ తలనొప్పి అంటోంది, పొద్దెక్కినా మత్తుగా పడి ఉంటోంది. మేడ్చల్ డాక్టరు వయసు మీద పడిందన్నాడు. అన్నం తినిపిస్తూ సుశీల అత్త ఛాతీ వైపే చూసేది, లేస్తోందా లేదా అని. కొత్త కోడలిగా తాను కూర మాడ్చిన ప్రతిసారీ "నేనే మాడ్చిన" అని మామ ముందు తప్పు మీదేసుకున్న మనిషి ఆమె.

ఆ భయంతోనే, దిష్టి తీద్దామని గదిలో గూట్లో ఉన్న వెండి కుంకుమ భరిణె అందుకుంది. అదీ నల్లగానే ఉంది.

భరిణె పట్టుకుని మేడ మీది పూజగదికి పరుగెత్తింది. దానితో పాటే కొన్న వెండి పళ్ళెం అక్కడ తళతళలాడుతోంది. భరిణెకు జీవమేమిటి, తగ్గడమేమిటి? చావు మనిషిలో లేదు, గదిలో ఉంది. సెప్టిక్ ట్యాంకు కడగడానికి దిగి మళ్ళీ పైకి రాని పెదనాన్న యాదయ్య గుర్తొచ్చాడు. ఆనాడు ఆ గుంత చుట్టూ ఇదే వాసన.

"ఇగో! జల్దీ రాండ్రి! మంచం పట్టుండ్రి!"

ఇద్దరూ సత్తెమ్మను మంచంతో సహా వరండాలోకి మోశారు. లక్ష్మణ్ గడ్డపారతో బండ లేపాడు. సెప్టిక్ ట్యాంకులోకి కలిసే ఆ జాలీలోంచి తన్నుకొచ్చిన వాసనకు వెనక్కి తూలాడు.

"దీంట్ల సిమెంటు నింపుదాం," అన్నాడు దగ్గుతూ. "పైపు మాత్రం లేపొద్దు. బేరం నోటికాడికొచ్చింది."

"పైకి తొవ్వ లేకుంటే గా గాలి ఇంకో బొక్క జూసుకుంటది. మీ అమ్మ కావాల్నా, ఈశాన్యం కావాల్నా?"

వరండాలోంచి సత్తెమ్మ అందుకుంది: "వాణ్ణి అడుగకే. ఈశాన్యమే అంటడు."

లక్ష్మణ్ తల దించుకుని మొగులయ్య కోసం వెళ్ళాడు. జాలీ మూసుకుంది, గాలిపైపు మేడను దాటి లేచింది. సత్తెమ్మ తలనొప్పి పోయింది, నోటికి పాత పదును తిరిగొచ్చింది. సుశీల భయం మాత్రం పోలేదు. ఆ గదిలోకి ఎప్పుడడుగుపెట్టినా ముందు కడియాల వైపే చూసేది.

కొన్నేళ్ళకు ఒక చలికాలం పొద్దున సత్తెమ్మ నిద్రలోనే పోయింది. సుశీల ముఖం చూడలేదు. వంగి దుప్పటి తొలగించి కాళ్ళు చూసింది. కడియాలు తెల్లగా ఉన్నాయి. అప్పుడు గానీ ఆమెకు ఏడుపు రాలేదు.