ఏం పని మీద వచ్చినవ్ బిడ్డా

పొద్దున మా గల్లీలో మోరీ వెంబడి బ్లీచింగ్ పౌడర్ చల్లి పోయారు. ఎవరో పెద్దమనిషి ఈ తోవన పోతున్నాడట, అందుకని నిజామాబాద్ మొత్తంలో మా గల్లీకి ఆ భాగ్యం దక్కింది. ఇరుగు పొరుగువాళ్లు ముక్కులు మూసుకుని కిటికీలు వేసుకుంటే, నేను మాత్రం గేటు పట్టుకుని నిలబడి ఆ ఘాటు గాలిని కడుపునిండా పీల్చుకున్నాను. చిన్ననాటి సంగతులు రాసేవాళ్లకు మల్లెపూలు గుర్తొస్తాయి, తొలకరి మట్టి గుర్తొస్తుంది. నాకు ఆ యోగం లేదు. ఆఫీసు గోదాం కురుస్తుందని వానాకాలమంతా బ్లీచింగ్ బస్తాలు మా ఇంటి వరండాలోనే ఉండేవి. వాటికి వీపు ఆనించి నేను ఎక్కాలు వల్లె వేసేదాన్ని. నా పుస్తకాలు, నా గౌన్లు, చివరికి బడికి తీసుకుపోయే జొన్నరొట్టె కూడా ఆ వాసనే వేసేవి. మా బాపు మునిసిపల్ చైర్మన్.

ఊరి పేరు రాయను. రాస్తే బాపును గుర్తుపట్టి, అప్పట్లో మా మోరీ సంగతి ఏం చేశాడని నన్ను నిలదీసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బోధన్ చుట్టుపక్కల, చెరుకు నడిమధ్యన ఉన్న ఒక చిన్న టౌను అనుకోండి, చాలు. దసరా పోయి చలి మొదలైందంటే రోడ్డు నిండా చెరుకు బండ్లే. ఎడ్ల మెడలో గంటలు, ట్రాక్టర్ల పొగ, వెనకనుంచి గడ లాగి పరుగెత్తే పిల్లలు, తిడుతూనే వెనక్కి తిరిగి చూడని బండివాళ్లు. చక్కెర ఫ్యాక్టరీ వైపు నుంచి గాలి మళ్లితే ఉడుకుతున్న చెరుకురసం తియ్యటి వాసన, దాని అడుగున పులిసిన మడ్డి వాసన, అన్నం ముందు కూర్చున్నా ముక్కును వదిలేవి కావు. పొగగొట్టంలోంచి నల్లటి నుసి ఎగిరొచ్చి ఆరేసిన తెల్లబట్టల మీద, ఎండబెట్టిన వడియాల మీద వాలేది. ఎవరింట్లో నుసి వాలితే ఆ ఇంటి మనిషి తెల్లారేసరికి మా వాకిట్లో ఉండేవాడు.

ఆ వాకిలి ఎట్లా ఉండేదో కొంచెం చెప్పాలి. గేటు తీయగానే పెద్ద జాగా. ఈ కొసన ఇల్లు, ఆ కొసన, గేటు పక్కనే, స్నానాల గది. రెంటికీ మధ్యలో రేకుల పందిరి, పందిరి కింద బెంచీలు. బాపు గెలిచిన రోజు నుంచి ఆ గేటుకు గొళ్లెం పడలేదు. తెలవారక ముందే దగ్గులు, చెప్పుల చప్పుడు, బీడీ పొగ. నేను పళ్లు తోముకోవడానికి బయటికొస్తే ఊరంతా నా నోటి నురగ చూసేది.

వానాకాలం మోరీల గోల, ఎండాకాలం నల్లాల గోల, చలికాలం నుసి, చెరుకు బండ్లు. బతుకమ్మ దగ్గరపడితే ఆడవాళ్లు గుంపుగా వచ్చి, ఆడే జాగలో ముళ్లకంప తీయించాలని పట్టుపట్టి, పోతూ పోతూ నా చేతిలో నువ్వుల సత్తుపిండి ముద్ద ఒకటి పెట్టిపోయేవాళ్లు. కూరగాయలమ్మే మరాఠీ ముసలమ్మ "సాహెబ్, పాణీ నాహీ" అని ఒక్క మాట చెప్పి, ఇంకో మాట రానట్టు ఖాళీ బిందె ఎత్తి చూపించేది. మా వెనక గల్లీ సాయవ్వకైతే పందుల బాధ. "సైర్మన్ సాబ్, పందులు నా ఇంట్ల జొచ్చి నా గంజి తాగినయ్. నేనిప్పుడు ఏం దాగాలె, నువ్వే జెప్పు" అని, వంగిన నడుము మీద చేయి వేసుకుని నిలబడేది. ఊళ్లో పందులు తగ్గిపోయాక కూడా సాయవ్వ రావడం మానలేదు.

బాపు కళ్లు మూసుకుని వినేవాడు. ఎందుకట్లా అని ఎవరో అడిగితే, "మొఖం జూస్తే వీడు నాకు ఓటేసిండా లేదా అని యాదికొస్తది, గందుకే సూడ" అన్నాడు. వచ్చినవాళ్లతో ఆయన మొదటి మాట ఎప్పుడూ ఒక్కటే. "చెప్పు బిడ్డా, ఏం పని మీద వచ్చినవ్?" చివరి మాటా ఒక్కటే. "సూద్దాం." మా వైపు బిడ్డ అంటే కూతురు, ప్రేమగా పిలిస్తే ఎవరైనా బిడ్డే. బాపుకు ఊరంతా బిడ్డలే. నేను ఆయనకు ఒక్కగానొక్క కూతురిని, నాకంటూ వేరే పిలుపు మిగల్లేదు. అది నాకు బాగా కష్టంగా ఉండేది.

చైర్మన్ ఇంటికి ఆటలకు పోతే బాగుండదని తోటి పిల్లలను ఇళ్లల్లో ఆపేవాళ్లు. అందుకని నేను కిటికీలో చింతగింజలు వరసగా కూర్చోబెట్టి, వాటికి చైర్మన్‌నై, కళ్లు మూసుకుని "చెప్పు బిడ్డా" అనేదాన్ని. చింతగింజలకు ఏ బాధలూ ఉండేవి కావు, ఆట తొందరగా అయిపోయేది. అన్నం దగ్గర బాపు పక్కన కూర్చుందామంటే, ముద్ద నోట్లో పెట్టుకునేలోపే గేటు దగ్గర ఎవరో దగ్గేవారు, బాపు చేయి కడుక్కుని లేచేవాడు, ఆయన కంచం నా పక్కన అట్లాగే ఎండేది. అంత మంది మధ్య నేను ఒంటరిగానే పెరిగాను.

అవ్వ, అంటే మా అమ్మ, పొద్దుటి నుంచి పొయ్యి మీంచి చాయ్ గిన్నె దించేది కాదు. దానికి ఆమె ఏనాడూ సణగలేదు. ఆమె బాధంతా స్నానం గురించే. ఇంట్లోంచి స్నానాల గదికి పోవాలంటే బట్టలు చంకన పెట్టుకుని బెంచీల మధ్యలోంచి, అంతమంది మగవాళ్ల ముందునుంచి పోవాలి, తడి జుట్టుతో మళ్లీ అదే తోవన రావాలి. అందుకని చలైనా, జ్వరమైనా కోడి కూయకముందే లేచి చన్నీళ్లు పోసుకునేది. ఏ రోజైనా మెలకువ రాలేదంటే, మధ్యాహ్నం వాకిలి ఖాళీ అయ్యేదాకా మాసిన చీరతో పొయ్యి ముందే కూర్చునేది. వాకిలికి అడ్డంగా ఒక గోడ కట్టించమని బాపును అడిగేది. "మంది ఆ దిక్కు, మనం ఈ దిక్కు. గంతే." బాపు "సూద్దాం" అనేవాడు. ఊరందరికీ మోరీలు కట్టించిన మనిషికి సొంతింట్లో ఒక గోడ లేపే తీరిక దొరకలేదు. గోడ కడితే చైర్మన్ జనానికి అడ్డం పెట్టుకున్నాడంటారని లోపల భయం కూడా ఉండి ఉంటుంది.

ఒక ఏడు పసుపు ఉడకబెట్టే రోజుల్లో, పనికి సాయం పోయివస్తానని అవ్వ మోస్రాలో ఉన్న తల్లిగారింటికి పోయింది. పసుపు ఉడికింది, ఎండింది, మెరుగు పెట్టారు, మార్కెట్‌కు తోలారు. ఉగాది పచ్చడి నేను మేనత్త చేతిది తిన్నాను. అవ్వ రాలేదు. బడి ఉందని నన్ను ఇక్కడే ఉంచారు. ఒక ఆదివారం బాపు నన్ను తీసుకుని మోస్రా బస్సెక్కాడు. ఆ ఇంటి పెరట్లో పసుపు ఘాటు ఇంకా పోలేదు. అవ్వ పట్టపగలు, నిండు ఎండలో, కుంకుడుకాయతో తలస్నానం చేసి జుట్టు విరబోసుకుని గడపలో కూర్చుని ఉంది. పగటి వెలుగులో ఆమె తడిజుట్టు చూడడం నాకు అదే మొదలు. "ఇంటికి రావే అవ్వా" అంటే, నా తల నిమిరి, "గోడ లేస్తే వస్త బిడ్డా. గోడ లేకుంటే గా ఇంట్ల నేనుండలేను" అంది. బాపు మాట్లాడదామని గొంతు సవరించుకునేలోపే, ఎట్లా తెలిసిందో ఏమో, చైర్మన్ వచ్చిండని ఆ ఊరివాళ్లు కొందరు బోరింగ్ చెడిపోయిన ముచ్చట పట్టుకుని వచ్చి కూర్చున్నారు. అది ఆయన ఊరు కాదు, ఆయన చేతిలో ఏమీ లేదు. అయినా కళ్లు మూసుకుని అంతా విన్నాడు. బస్సు వేళ అయిందని మేము లేచేసరికి అవ్వ లోపలికి పోయి తలుపు వేసుకుంది.

ఎండలు ముదిరాయి. వాకిలి నిండా నల్లాల గొడవ నడుస్తున్న ఒక పొద్దున, నేను జడ నాకు నేనే వంకరగా వేసుకుని, పోయి బెంచీ చివర కూర్చున్నాను. ఇంట్లో అడిగితే బాపు వినడు, అన్నం దగ్గర అడిగితే లేచిపోతాడు, బెంచీ మీద కూర్చున్నవాళ్ల మాట మాత్రం తప్పకుండా వింటాడు. నా బుర్రకు అంతే తోచింది. ఊరికే కూర్చున్నాననుకుని ఎవరూ పట్టించుకోలేదు. ఒక్కొక్కరే చెప్పుకుని లేస్తుంటే, జరుగుతూ జరుగుతూ నేను బాపు ముందుకు వచ్చాను. బాపు కళ్లు మూసుకునే ఉన్నాడు.

"చెప్పు బిడ్డా, ఏం పని మీద వచ్చినవ్?"

ఎదురుగా ఉన్నది సొంత బిడ్డ అని ఆయనకు తెలియదు.

"మా ఇంట్ల అడ్డగోడ కట్టియ్యాలె సార్" అన్నాను. అందరూ సార్ అంటున్నారు కదా, నేనూ అన్నాను. "మా అవ్వకు తానానికి పోవుడు కష్టమైతుంది. గీడ మంది కూసుంటరు. గోడ కడితే వస్తనన్నది."

బాపు అలవాటు కొద్దీ "సూ" అన్నాడు. అక్కడే ఆగిపోయి కళ్లు తెరిచాడు. నన్ను చూశాడు, నా వంకర జడ చూశాడు, నా వెనక వాకిలంతా చూశాడు. రోజూ ఫిర్యాదులు మోసుకొచ్చేవాళ్ల మీదే ఆ పూట ఫిర్యాదు వచ్చి పడింది. అందరి చూపులూ ఒక్కసారి స్నానాల గది వైపు పోయి, అంతే తొందరగా నేల మీదికి దిగాయి. మొదట లేచింది సాయవ్వే.

"లేవుండ్రి, అందరు లేవుండ్రి. ఆడిమనిషి తానానికి పోయే తోవల గూసోని పందుల ముచ్చట జెప్తున్న, థూ నా బతుకు! సైర్మన్ సాబ్, నా పందులు గట్లనే ఉండనీ. ముందుగాల గీ పోరి పని జెయ్యి."

అందరూ లేచారు. సగం తాగిన చాయ్ గ్లాసులు బెంచీల కింద వదిలేసి పోయారు. మరునాడు మేస్త్రీ వచ్చాడు. రోజూ వచ్చి కూర్చునేవాళ్లే ఇటుకలు అందించారు, సాయవ్వ గట్టున కూర్చుని ఎత్తు చాలదు, ఇంకింత లేపుమని పెత్తనం చేసింది. గోడ తడి ఆరకముందే అవ్వ వచ్చింది. వచ్చిన నాడే పట్టపగలు, నింపాదిగా, బకెట్లకు బకెట్లు పోసుకుని స్నానం చేసింది. ఆ సాయంత్రం ఆమె జుట్టులో మొఖం దాచుకుని పడుకుంటే, ఇంక నాకు ఈ లోకంలో కావలసింది ఏమీ లేదనిపించింది.

గోడ తన పని తాను చేసింది. మంది ఆ దిక్కు, మేము ఈ దిక్కు. బాపు కూడా ఆ దిక్కే. అంతకుముందు వంటింటి గడపలో కూర్చుంటే ఆయన మూసిన కళ్లు, ఊపే కాలు, భుజం మీది తువ్వాల కనబడేవి. ఆయన నన్ను చూడకపోయినా నేను ఆయన్ను చూసుకునేదాన్ని. ఇప్పుడు గొంతు ఒక్కటే. గోడకు చెవి ఆనించి, పరాయివాళ్లను బిడ్డా బిడ్డా అని పిలిచే ఆ గొంతు వింటూ నేను పెద్దదాన్నయ్యాను. గోడ అడిగినందుకు నాకు చింత లేదు, ఇప్పుడు అడగమన్నా అడుగుతాను. కానీ అవ్వ రావాలంటే బాపును కొంత వదులుకోవలసి వస్తుందని నాకెవరూ ముందు చెప్పలేదు.

పదవి పోయాక కొన్నాళ్లు అలవాటు కొద్దీ వచ్చారు, ఆ తర్వాత కొత్త చైర్మన్ వాకిట్లో కూర్చున్నారు. సాయవ్వ కాలం చేసింది. బాపు మాత్రం పొద్దున్నే ఇస్త్రీ అంగీ తొడుక్కుని పందిరి కిందికి పోయేవాడు. నాకు నిజామాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. సెలవుకు పోయినప్పుడు ఆయన పక్కన బెంచీ మీద కూర్చునేదాన్ని. ఇప్పుడు అడ్డం ఎవరూ లేరు, మనిషి మొత్తం నాకే దొరికాడు. దొరికి ఏం లాభం? తిన్నవా అంటే తిన్న, బస్సు దొరికిందా అంటే దొరికింది, అక్కడితో ముచ్చట ముగిసేది. బాధ చెప్పుకోవడానికి రాని మనిషితో ఏం మాట్లాడాలో మా బాపుకు తెలియదు పాపం. ఒకసారి ఆ మౌనం భరించలేక నోటికొచ్చింది అనేశాను.

"మా గల్లీల స్తంభం లైటు ఎలుగుతలేదు బాపు. పొద్దుగూకితే భయమైతుంది."

బాపు సర్దుకుని కూర్చుని కళ్లు మూసుకున్నాడు. ఏ స్తంభం, మలుపు మీదిదా? బల్బు పోయిందా, వైరు తెగిందా? పక్క స్తంభం ఎలుగుతుందా? అన్నీ అడిగాడు, నేను అన్నిటికీ కల్పించి చెప్పాను. చాలా ఏళ్ల తర్వాత ఆయన గొంతులో ఊపిరి వచ్చింది. "నాకు ఎరుకైనోళ్లున్నరు గాడ, నువ్వు రంది పెట్టుకోకు బిడ్డా" అన్నాడు. వాకిట్లో నేను తప్ప ఎవరూ లేరు. ఆ పిలుపు నాకే.

మా లైటు అప్పుడు దివ్యంగా వెలుగుతోంది. వారం తిరిగేసరికి బాపు ఫోన్. "లైటు వచ్చిందా బిడ్డా?" రాలేదన్నాను. వచ్చిందంటే మళ్లీ ఫోన్ ఎందుకు చేస్తాడు? తనకు తెలిసినాయన రిటైరైండట, ఇంకొకళ్లను అడుగుతానన్నాడు. ఆ ఇంకొకరు బదిలీ అయ్యారు. అట్లా ఏళ్ల తరబడి నేను ఆ లైటును వెలగనీయలేదు, ఆయన అడగడం మానలేదు. మా ఇంటికి వచ్చినా పొద్దు ఉండగానే బస్సెక్కేవాడు, కాబట్టి నా బండారం బయటపడలేదు.

బాపు అస్థికలను కందకుర్తిలో, గోదావరీ మంజీరా కలిసే చోట కలిపి వచ్చాం. అవ్వ ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. మా ఊళ్లో ఆ ఇల్లు లేదు, పందిరి లేదు, చెరుకు బండ్లు లేవు, పొగగొట్టం చల్లబడి చాలా కాలమైంది. ఎవరి వాకిట్లోనూ ఎవరూ తెల్లవారుజామున దగ్గడం లేదు. మొన్న మా గల్లీ మలుపు మీద స్తంభం లైటు పోయింది. ఫోన్లో ఫొటో తీసి కార్పొరేషన్‌కు పెట్టాను, ఫిర్యాదు నమోదైందని మెసేజ్ వచ్చింది. నిన్న పరిష్కరించబడిందని ఇంకో మెసేజ్ వచ్చింది. పొద్దుగూకాక మెట్ల మీదికి వచ్చి చూస్తే, స్తంభం ఎక్కడుందో కూడా కనబడడం లేదు. ఫోన్ చేతిలోనే ఉంది, చెప్పుకోవడానికి ఒక్క నంబరు లేదు.

ఈసారి అబద్ధం కాదు బాపు. మా గల్లీల నిజంగనే లైటు లేదు.