లేటు బండ్ల తోక

ఒక్క గైడు కింద నేను, ఆమె, మేమిద్దరం చేసిన రీసెర్చ్ ఏందో చెప్తే ఎవరైనా నవ్వుతరు. కాజీపేట జంక్షన్‌ల ఏ బండి ఎంత లేటొస్తదో చూసి, దానికో సూత్రం పట్టుడు. "గీ దానికి పీహెచ్‌డీ ఎందుకురా, నన్నడిగితే చెప్పకపోదునా" అని మా చిన్నాయన ఇప్పటికీ ఎక్కిరిస్తడు.

ఆయనకు చెప్పి చెప్పి యాష్టకొచ్చింది గని, సంగతి గింతే. మామూలు లెక్కల, భాగాలన్నీ కూడితే మొత్తం వస్తది. ఒకదాని ఫికర్ ఇంకోదానికి లేనప్పుడు అది నడుస్తది. బండ్లు అట్ల గాదు. ముందటిది సిగ్నల్ కాడ ఆగిందా, ఎనకవన్నీ ఆగుడే. అసుంటి చోట ఎంట్రోపీ, అంటే గందరగోళం ఎంతున్నదో చెప్పే కొలత, ఉత్త కూడికతోని రాదు, సూత్రంల క్యూ (q) అనే అంకె ఒకటి చేర్చాలె. క్యూ ఒకటైతే పాత లెక్కే. ఒకటి దాటితే గ్రాఫు తోక పొడుగైతది. అంటే, మస్తు లేటొచ్చే బండ్లు మనం అనుకున్నంత అరుదు గావు.

మొదట్ల నేను నాలుగు గంటలు దాటి లేటైన బండ్లను తప్పుడు డేటా అని తీసిపారేసిన. అబ్బ, గ్రాఫు ఎంత సక్కగొచ్చిందో! క్యూ పోయి ఒకటి పక్కనే కూసున్నది. ఆమె చూసి నా మీద లేచింది.

"తోకనే కోసినవ్ కదా! దిమాక్ ఉన్నదా నీకు? ఆ బండ్లల్లనే మా నాన్న ఉండె."

వాళ్ల నాన్న రైలు డ్రైవర్. వాళ్ల క్వార్టర్ల ఒక పద్ధతుండె. డ్యూటీకి పోయేటోన్ని ఎప్పుడొస్తవని అడగరు. బండి స్టేషన్ బయటి ఔటర్ సిగ్నల్ దాటిందని తెలిసినంకనే బియ్యం కడుగుతరు. వాళ్లమ్మ ఏండ్లకేండ్లు అట్లనే, చేట ముందట పెట్టుకొని కూసున్నదట. అది చెప్పుకుంటనే, నేను తీసేసిన బండ్లన్నిటిని మళ్ల డేటాల చేర్చింది. ఆ పొద్దే నాకు ఆమె మీద మనసైంది.

థీసిస్‌లు అయినంక ఆమెకు నాగపూర్‌ల ఉద్యోగం దొరికింది. పోయినంక ధైర్యం చేసి ఫోన్‌ల అడిగిన, పెండ్లి చేసుకుందామా అని. "ఇది ఫోన్‌ల చెప్పే మాట గాదు. వచ్చి చెప్తా" అన్నది. ఫోన్‌ల అన్నీ మాట్లాడుతది, కొత్త పేపర్లు, క్యాంటీన్‌ల నీళ్ల పప్పు, నా బట్టతల. ఆ ఒక్క ముచ్చట తప్ప. దసరకొస్తనన్నది, రాలే. మేడారం జాతరకొస్తనన్నది, రాలే. తోక పొడుగున్నది కదా అని నాకు నేనే చెప్పుకునేటోన్ని.

పోయిన నెల మెసేజ్ పెట్టింది. హైదరాబాద్‌ల మీటింగున్నదట, పోతపోత కాజీపేటల దిగుతదట. నా సంబురం చెప్పతరం గాదు.

ఆమె వచ్చేనాడు పొద్దుగాల, నేను సారుగ ఉన్న కాలేజీల ఈ పాఠమే చెప్తున్న. పాత సూత్రంల, బండి ఎంత లేటైనా సరే, ఇంకెంతసేపు ఎదురుచూడాలె అన్నది మారదు. పొడుగు తోకల అట్ల గాదు, ఎంత లేటైతే ఇంకంత ఎక్కువ చూడవలసొస్తది. ముందు బెంచి పిల్ల లేచి, "మరి ఎప్పుడు ఇంటికి పోవాలె సార్?" అన్నది. అందరు పక్కున నవ్విన్రు. నాకు కోపమొచ్చింది, కూసోమని గదిమిన.

మధ్యాహ్నం ఫోన్‌ల చూస్తే బండి గంట లేటు. జరసేపటికి రెండు గంటలు. నాకు నిలువబుద్ధి గాలే. వాళ్లింటి పద్ధతి తెలిసి కూడా, బండి ఔటర్ దాటకముందే ఇద్దరికి బియ్యం కడిగి నానబెట్టి స్టేషనుకు ఉరికిన.

పొద్దుగూకే యాళ్లకు బండొచ్చింది. ఆమె డోర్ కాడ నిలబడ్డది. చేతుల బ్యాగు లేదు.

"దిగుతలేవా?"

"లేటైంది. సీదా పోతున్న." నా మొఖం దిక్కు చూసింది. "అన్నం వండినవా?"

"బియ్యం కడిగొచ్చిన."

ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయి. "మా అమ్మ లెక్క కూసోకు. నాతోని గాదు. ఇగ నాకోసం బియ్యం కడగకు."

బండి కదిలింది. మాట తప్పలే ఆమె, వచ్చే చెప్పింది.

ఇంటికొచ్చేసరికి బియ్యం నాని తెల్లగ ఉబ్బినయి. పారబొయ్యబుద్ధి గాక అన్నీ వండిన. కంచం ముందట పెట్టుకొని ఫోన్ తీసి, ఆ బండి యాడిదాక పోయిందో చూసిన.