గరిటె ఎవరి చేతికి

ఎనభైల మొదట్లో నర్సీపట్నంలో మా చర్చి ఆవరణలో ఒక రేకుల షెడ్డు ఉండేది. బుద్ధి నెమ్మదిగా ఎదిగిన పెద్దవాళ్లు పగలంతా అక్కడ కూర్చుని, కొండవాళ్లు దించిన అడ్డాకులతో విస్తర్లు కుట్టేవారు. వంట నాది. అప్పుడే రాత్రిబడిలో చదవడం నేర్చుకున్నాను. అదే నా మెడకు చుట్టుకుంది.

షెడ్డు బాగోగులు చూసే పాస్టరమ్మగారు ఒకరోజు నా చేతిలో కాగితం పెట్టారు. "మనం చేసేది వీళ్లకు నచ్చుతోందో లేదో అడుగు. నువ్వంటే చనువు కదా, చెబుతారు."

మొదటి ప్రశ్న, "భోజనము సంతృప్తికరముగా ఉన్నదా?" సంతృప్తి దగ్గరే నా నాలుక మడతపడింది. నేను కూడబలుక్కుని ముగించేలోపే జవాబులు వచ్చేశాయి. అందరిదీ ఒకటే, బాగుందని. బాగుండక ఏం చేస్తుంది? వంటమనిషే గరిటె పట్టుకుని ఎదురుగా నిలబడి అడిగితే!

వాళ్లలో ముప్పై దాటిన ఒకామె ఉండేది. ఇంటా బయటా అందరికీ ఇంకా పాపే. ఏమడిగినా అవుననేది.

"కూర బాగుందా?"

"అవును."

"బాగులేదా?"

"అవును."

"నాను దెయ్యంలాగున్నానేటే?"

"అవును, పిన్నీ."

షెడ్డంతా ఒకటే నవ్వు.

నవ్వులాట కాని సంగతి ఒకటి ఉంది. ఇలాంటి ఆడవాళ్ల కోసం యలమంచిలిలో కొత్తగా హాస్టల్ పెట్టారు. పాప తల్లికి మోకాళ్లు పోయాయి, కూతురిని చూసుకోలేకపోతోంది. "అక్కడ ఉంటావా అమ్మా?" అని పాస్టరమ్మగారు అడిగారు. "అవునండీ" అంది పాప. ఆవిడ సంతోషపడి పెట్టె సర్దమన్నారు.

నాకు ఒళ్లు మండింది. "అమ్మగారూ, నూతిలో దూకుతావా అన్నా ఈ గుంట అవునంటాది. ముందు తీసికెళ్లి సూపించండి. ఉంటాదో పారొస్తాదో అప్పుడు తెలుస్తాది."

సరే, నువ్వే తీసుకెళ్లమన్నారు. బస్సులో తల్లి కళ్లు తుడుచుకుంటూనే ఉంది. "బెంగెట్టుకోకప్పా, సాయంత్రం బస్సులో మనకంటే ముందు నీ కూతురే కూకుంటాది, సూడు" అని ధైర్యం చెప్పాను.

హాస్టల్లో మధ్యాహ్నం అందరం పంక్తిలో కూర్చున్నాం. అక్కడి వంటామె అన్నం గిన్నె, గరిటె తెచ్చి పాప చేతికిచ్చింది. "ఇయాల వడ్డన నీదమ్మా."

పాప ఒకసారి తల్లివైపు చూసి, వడ్డన మొదలుపెట్టింది. నాకు పిట్టకు వేసినట్టు వేసింది. తల్లికి కొండలా పోసింది. "సాలే, సాలే" అంటున్నా ఆపలేదు. అన్నం నేలపాలైంది. గరిటె మాత్రం ఎవరూ లాక్కోలేదు. పడిన మెతుకులు తనే వంగి ఎత్తుకుంది.

సాయంత్రం నేను సంచీ భుజాన వేసుకున్నాను. "పద, బేగి రా. బస్సెల్లిపోతాది."

"రాను."

ఆ నోట నేను అంతవరకూ వినని మాట. "ఇంటికి ఎల్దామే!"

"ఎల్లను."

"అమ్మ మీద బెంగుండదేటే?" అంటే, "ఉంటాది" అంది. తల్లి చేయి పట్టుకుని, "ఆదివారం రా, అమ్మా" అంది. తరవాత నావైపు తిరిగింది. "నీ కాడ గరిటె ఇవ్వవు, పిన్నీ. అన్నీ నువ్వే పెడతావు."

గరిటె ఊసు పాస్టరమ్మగారి కాగితంలో ఎక్కడా లేదు.

కోటవురట్ల దాకా తల్లి ఏడుస్తూనే వచ్చింది. ఆ తరవాత ఉన్నట్టుండి నవ్వింది. "నానూ ఇవ్వలేదు సెల్లీ, సెయ్యి కాల్సుకుంటాదని. నీకు పిట్టకేసినట్టు ఏసిందేటి?"

"నా వంట మీద కోపం" అన్నాను.

పాస్టరమ్మగారికి, ఉండిపోయింది అన్నాను, మన దగ్గర ఏది నచ్చలేదో కూడా చెప్పింది అన్నాను. మర్నాడు మధ్యాహ్నం గరిటె షెడ్డులో వాళ్లకు వదిలేశాను. సగం చారు నేల తాగింది. ఎవరు ముందు వడ్డించాలని ఇద్దరు జుట్లు పట్టుకోబోయారు. నేను గోడవారన విస్తరి వేసుకుని కూర్చున్నాను, వాళ్ల తగువు తేలి నాకింత అన్నం పడేదాకా.