మునిప్రసాద్ మొక్కుకోని మొక్కు

చిత్తూరు రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట రేకుల షెడ్డు కింద కూర్చుని దస్తావేజులు రాసే మునిప్రసాద్‌కు మాటలకు ఎప్పుడూ కరువు లేదు. 'నా పూర్తి ఇష్టంతో, ఎవరి బలవంతమూ లేకుండా, మంచి తెలివిలో ఉండి' అని రోజుకు పదిసార్లు రాసే మనిషి. అన్నదమ్ములు కొట్టుకుంటూ వచ్చినా, ఇద్దరికీ నచ్చే మాట వెతికి కాగితం మీద పెట్టి పంపించేవాడు. అంతటివాడికి యాభై ఒకటో ఏట ఒకే ఒక్క మాటకు అర్థం దొరక్క కొంప మునిగింది.

ఆ మాట 'ఛాలెంజ్'.

షుగరుందని డాక్టరు నడవమంటే, నడక విసుగని గేర్ల సైకిలు కొన్నాడు. పక్క వీధిలో ఉండే విజయ్ కుమార్ బ్యాంకు ఉద్యోగి. పొద్దున్నే పదిమందిని వెంటేసుకుని సైకిలు తొక్కుతాడు. ఆ గుంపులో మునిప్రసాద్ కూడా చేరాడు. రెండు నెలలు గడిచాక ఒకరోజు విజయ్ కుమార్ ఒక కాగితం తెచ్చాడు.

"అన్నా, రెండొందల కిలోమీటర్లు. ఈడినుంచి పుత్తూరుకు పోయి మళ్ళా చిత్తూరుకు రావాల. ఆదివారం పొద్దున ఆరుకు పోతే సాయంత్రం ఏడున్నర లోపల వచ్చేయాల."

"గెలిస్తే ఏమిస్తారప్పా?"

"గెలిచేదేం లేదన్నా. ఇది పందెం కాదు."

"మరేంది?"

"ఛాలెంజ్."

"ఎవురి మీద?"

"మన మీద మనమే."

మునిప్రసాద్‌కు అది అర్థం కాలేదు. అమ్మేవాడూ కొనేవాడూ ఒకడే అయితే ఆ దస్తావేజు చెల్లదు. అయినా ఇరవయ్యారేళ్లుగా ఊరందరి చేతా చదివించి సంతకాలు పెట్టించినవాడు, తన వంతు వచ్చేసరికి చదవకుండానే పెట్టేశాడు. దారిలో ఏం జరిగినా బాధ్యత తనదేనని అందులో రాసుందట. ఆ సంగతి తర్వాత తెలిసింది.

ఇంటికొచ్చాక భార్య లోకేశ్వరికి చెప్పాలి కదా! ఆమె ముందుగదిలో మిషను మీద జాకెట్లు కుడుతోంది. పందెం అంటే ఊరుకోదు. సవాలు అంటే నవ్వుతుంది. ఒళ్ళు తగ్గడానికి అంటే, దానికి పుత్తూరు దాకా పోవడమెందుకు, రెండు ముద్దలు తగ్గించమంటుంది. ఇన్ని లెక్కలు వేసి వేసి, చివరికి నోటికొచ్చింది అనేశాడు.

"మొక్కుండాది."

ఈ సీమలో అది చాలా సులువైన మాట. తిరుమల కొండను మోకాళ్ల మీద ఎక్కేవాళ్లని చూసిన జనం మొక్కు అంటే మరి మాట్లాడరు. కానీ లోకేశ్వరి మిషను ఆపేసింది. చేతిలో గుడ్డ చేతిలోనే ఉంది.

"నీకెవురు చెప్పినారు?"

విజయ్ కుమార్ పేరు చెబితే రేపు వాడి ఇంటికి పోయి కడిగేస్తుందని భయపడి, "చెప్పినార్లే ఎవురో" అన్నాడు.

ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మునిప్రసాద్ నిలువునా తెల్లబోయాడు. సైకిలు తొక్కుతానంటే ఏడ్చే ఆడమనిషిని అతను ఎక్కడా చూడలేదు. ఏమైందని అడిగితే తల అడ్డంగా ఊపి, "ఏం లేదులే. తెలిసిపోయింది గదా, మంచిదే" అంది.

ఏం తెలిసిపోయింది? అడుగుదామనుకుంటూనే వారం గడిపేశాడు. ఆ వారం ఇంట్లో నీసు లేదు. గుడ్లు తినాలని విజయ్ కుమార్ చెబితే, మొక్కులో ఉన్నవాడికి గుడ్లేమిటని లోకేశ్వరి పెసలు ఉడికించి పెట్టింది. మంచం వద్దని కొత్త చాప పరిచింది. రాత్రిళ్లు చాలాకాలానికి హాయిగా నిద్రపోయింది. అతనికి మాత్రం నిద్రపట్టలేదు. చేయని తప్పుకు దండన పడితే ఓర్చుకోవచ్చు కానీ, చేయని పుణ్యానికి ఇన్ని మర్యాదలు ఎలా మోయాలి?

ఆదివారం ఆరు గంటలకు, ఈ కాలంలో ఖాళీగా పడి ఉండే మామిడికాయల మండీ ముందు ఇరవై రెండు సైకిళ్లు నిలబడ్డాయి. అందరికీ తలా ఒక మడత కార్డు ఇచ్చారు. తిరుచానూరులో పోయేటప్పుడొకటి, పుత్తూరులో ఒకటి, తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ తిరుచానూరులో ఒకటి ముద్ర వేయించుకోవాలి. ముద్ర వేసే చోట తప్ప దారిలో బయటివాళ్ల సాయం తీసుకోకూడదు. ముద్రలంటే మునిప్రసాద్‌కు ధైర్యం. ముద్ర పడితే పని జరిగినట్టే.

నేండ్రగుంట దాటేసరికి గుంపు చెదిరిపోయింది. విజయ్ కుమార్ ఎక్కడో ముందున్నాడు. రోడ్డు పక్కన కొండకు నడిచిపోయే భక్తులు పసుపు బట్టల్లో బారులు తీరి వెళుతున్నారు. ఒక ముసలావిడ మజ్జిగ చెంబుతో ఎదురొచ్చింది.

"ఏం మొక్కు సామీ? సైకిలు మీద పోతా ఉండావు?"

వద్దంటే పాపం, తాగితే తప్పు. "పుత్తూరు దాకా పోవాలమ్మా" అన్నాడు. కొండ ఇటుంటే పుత్తూరు దాకా ఏం మొక్కో ఆమెకు అర్థం కాలేదు. అయినా దండం పెట్టింది. మునిప్రసాద్ కూడా పెట్టాడు. ఎందుకో అతనికీ తెలియలేదు.

తిరుచానూరులో పదికి మొదటి ముద్ర పడింది. పుత్తూరు చేరేసరికి ఎడమ మోకాలు నొప్పి. దానికి తొడిగిన పట్టీ కిందికి జారింది. బస్టాండు దగ్గర టీ కొట్లో ముద్ర వేస్తారని చెప్పారు, కానీ అక్కడ ఆరు టీ కొట్లున్నాయి. కుంటుకుంటూ దిగి, చేతిలో కార్డు పట్టుకుని ఒక ఆటో డ్రైవరును అడిగాడు.

"అప్పా, ఈ కార్డు తీసుకుని వచ్చినోళ్లు యాడికి పోవాల?"

డ్రైవరు కార్డు చూడలేదు. మోకాలు చూశాడు. విరిగిన ఎముకలకు కట్టు కట్టడంలో పేరుమోసిన పుత్తూరులో కుంటుతూ దిగినవాడిని ఎవరూ ఎందుకొచ్చావని అడగరు.

"నేరుగా పోయి ఎడమకు తిరుగు. టోకెనిస్తారు."

మునిప్రసాద్ వెళ్లాడు. బారుగా జనం. టోకెన్ ముప్పై ఏడు. ఎంత పద్ధతిగా పెట్టారో అని మెచ్చుకున్నాడు కూడా. చుట్టూ కూర్చున్నవాళ్లలో ఒకడి చేయి మెడకు వేలాడుతోంది, ఒకావిడ కాలికి వెదురు బద్దలున్నాయి. ఛాలెంజ్ ఇంతమందిని పడేసిందా అని హడలిపోయాడు. తన వంతు వచ్చాక ఒక పెద్దాయన మోకాలు పట్టుకుని నొక్కితే కేక పెట్టాడు.

"ఎముక బాగుండాది. కట్టు అక్కర్లేదు. ఎందుకొచ్చినావు?"

"ముద్ర కోసం సార్."

"ఏం ముద్ర?"

అప్పటికి నలభై నిమిషాలు పోయాయి. అసలు టీ కొట్టు బస్టాండు ఎదురుగానే ఉంది.

మళ్ళీ తిరుచానూరు చేరేసరికి మూడున్నర. ముద్ర వేసే బల్ల పక్కన కృపామణి నిలబడి ఉంది. లోకేశ్వరికి చిన్ననాటి స్నేహితురాలు, తిరుపతిలో ఒక ఆసుపత్రిలో నర్సు. చేతిలో అరటిపళ్లు, నిమ్మకాయ నీళ్లు.

"తాగన్నా. అక్క ఫోన్ చేసింది, నువ్వు ఈడికి వస్తావని. నేను కూడా పొద్దున చర్చిలో ప్రార్థన చేయించినాను. రేపు రిపోర్టు మంచిగానే వస్తాది, సూడు."

"ఏం రిపోర్టు?" అనబోయి మింగేశాడు. దస్తావేజులు రాసేవాడికి ఒక అలవాటుంది, ఎదుటివాళ్లు మొత్తం చెప్పేదాకా నోరు మెదపడు. తల ఊపాడు.

"మెడకింద గడ్డలన్నీ చెడ్డవి కావన్నా. పరీక్షకని సూదిపెట్టి తీసినప్పుడు కూడా అక్క ధైర్యంగానే ఉన్నింది. నీకు తెలిస్తే తట్టుకోలేవని దాచింది. ఎట్లనో నీకు తెలిసి నువ్వే మొక్కుకున్నావని చెప్పి ఎంత సంతోషపడిందో! మా అక్క అదృష్టవంతురాలన్నా."

అతని చేతిలో అరటిపండు ఉంది. తొక్క తీశాడు కానీ తినడం మరిచిపోయాడు. నీకెవురు చెప్పినారు అన్నది ఇదన్నమాట. వారం రోజుల పెసలు, చాప, ఆ నిద్ర, అన్నీ ఇదన్నమాట. లోకేశ్వరి మెడ వైపు తను చూసి ఎన్నాళ్లయింది? కొంగు కప్పుకుని తిరుగుతుంటే చలికనుకున్నాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇంకా డెబ్బై కిలోమీటర్లు. ఎదురుగాలి. ఆ డెబ్బై ఎలా తొక్కాడో అతనికే తెలియదు. ఒకసారి స్వామిని తలుచుకున్నాడు. మొక్కుకోని మొక్కును ఆయన లెక్కలోకి తీసుకుంటాడా? ఇప్పుడు మొక్కుకుంటే పాతతేదీ వేసినట్టవుతుందా? పాతతేదీ వేసిన కాగితం నేరం. పూర్తి చేయకపోతే లోకేశ్వరికి ఏమైనా అవుతుందా? లేని మొక్కు చెడేదెలా? చంద్రగిరి పోయింది, నేండ్రగుంట పోయింది, జవాబు మాత్రం రాలేదు. చీకటిపడ్డాక లైటు వేసుకుని, ఏడుపో చెమటో తెలియకుండా మొహం తుడుచుకుంటూ తొక్కాడు.

మండీ ముందుకు వచ్చేసరికి ఏడూ నలభై ఒకటి. లోకేశ్వరి అరుగు మీద కూర్చుని ఉంది. బల్ల దగ్గరున్న కుర్రది లోహిత, ఆ సైకిళ్ల గుంపులోదే, కార్డు తీసుకుని గడియారం చూసి నొచ్చుకుంది.

"పదకొండు నిమిషాలు ఆలస్యమైంది అంకుల్. ఇది లెక్కలోకి రాదు."

"దూరం మొత్తం తొక్కినాడు గదమ్మా!" అంది లోకేశ్వరి.

"తొక్కినారు ఆంటీ. కానీ పూర్తయినట్టు కాదు."

లోకేశ్వరి మొహంలో రక్తం లేదు. చేయి మెడ మీదికి పోయింది. మునిప్రసాద్ అది చూశాడు. ఆమె పక్కన అరుగు మీద కూలబడి, ఆమెకు ధైర్యం చెప్పాలనే చెప్పాడు.

"లోకా, భయపడొద్దు. ఏమీ చెడిపోలేదు. అసలు నేను మొక్కుకోనేలేదు. నాకు నీ గడ్డ సంగతే తెలీదు. మధ్యాన్నం కృపామణి చెప్పినాక తెలిసింది. ఊరికే నోటికొచ్చి మొక్కన్నాను."

చెప్పేశాక, మొక్కు లేకపోతే చెడేదీ లేదు కదా, ఆమె తేలికపడుతుందని ఎదురుచూశాడు. ఆమె తేలికపడలేదు.

"మొక్కు చెడినా తట్టుకుందును" అంది. "అసలు లేదంటే ఎట్లయ్యా? ఈ వారమంతా దాన్ని నమ్ముకునే గదా నిద్రపోయినాను. రేపటిదాకా చెప్పకుండా ఉండకూడదా?"

మునిప్రసాద్ తన నోటిని తనే తిట్టుకున్నాడు. అబద్ధం చెప్పి ఒకసారి, నిజం చెప్పి ఒకసారి, రెండుసార్లూ తప్పే.

"తిరుచానూరు నుంచి మాత్రం నీ కోసమే తొక్కినాను" అన్నాడు.

"ఇదన్నా నిజమేనా?"

అవుననబోయాడు. ఇంకో కాగితం మీద చదవకుండా సంతకం పెట్టడానికి అతనికి ధైర్యం చాలలేదు.

"ఏమో లోకా. మొక్కా, ఇంకోటా నాకు తెలీదు. నీకేమన్నా అయితే నేనేం కావాలా అని, ఆ డెబ్బై కిలోమీటర్లూ భయపడతానే తొక్కినాను. అంతే. ఇప్పుడు కూడా భయంగానే ఉండాది."

ఆమె అరుగు మీద దగ్గరికి జరిగి, అతని మోకాలి మీద చేయి వేసింది.

"ఇన్నాళ్లూ నేనొక్కదాన్నే భయపడతా ఉండాననుకుంటిని" అంది.