ఎనిమిదో డబ్బా

పోయిన నెల ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి బస్సులో వస్తుంటే కిటికీలోంచి గుప్పున మందు వాసన కొట్టింది. పక్క చేలో పత్తికి పురుగుమందు కొడుతున్నారు. బస్సులో అందరూ పైటలూ తువ్వాళ్లూ ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. నేను మాత్రం నా కుడిచేతి వేళ్లు వాసన చూసుకున్నాను. పక్కసీటాయన వింతగా చూశాడు. ఆయనకు ఏమని చెప్పను? నలభై ఏళ్లు దాటినా ఆ వాసన తగిలితే చాలు, నా వేళ్లకు అంటిందేమోనని అనుమానం. ఆ అనుమానం వెనకాలే సుంకమ్మవ్వ గుర్తొస్తుంది. ఆమె పెద్దకడుబూరు పక్క పల్లెలో కూలి చేసుకుని బతికిన మనిషి. ఆమె ఎదురుపడకపోయినా నేను ఉద్యోగం చేసి రిటైరయ్యేవాణ్ణే, కానీ ఇప్పుడు రాత్రిళ్లు పడుతున్న నిద్ర మాత్రం పట్టేది కాదు.

డెబ్బైల్లో అదొక కరువు ఏడాది. వేరుశనగ వేసినవాళ్లకు విత్తనాలు కూడా తిరిగి రాలేదు. పెద్దకడుబూరు దగ్గర కరువు పని కింద మట్టిరోడ్డు వేయిస్తున్నారు. ఎమ్మిగనూరులో మగ్గాల ఇంట్లో పుట్టి, నాలుగు ముక్కలు చదువుకుని, ఆ పనికి ఇన్‌స్పెక్టరుగా కొత్తగా వచ్చాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, చేతిలో టేపు, నెత్తిన టోపీ పెట్టుకుని ఆ నూరుమంది కూలీల మధ్య దొరలా తిరిగేవాణ్ణి. తట్టలు మోయలేని ముసలివాళ్లకు నీళ్లు పోసే పని ఇవ్వడం అక్కడ ఆనవాయితీ. అట్లా ఆ పని సుంకమ్మవ్వకు దక్కింది. నీళ్లు రెండు మైళ్ల అవతలి బావి నుంచి ఎద్దులబండి మీద డ్రమ్ములో వచ్చేవి. బండి దిగని చోటికి అవ్వ కడవతో మోసేది. కడవలో నాలుగు వేపరెమ్మలు వేసుకునేది. ఎందుకవ్వా అంటే, నీళ్లు తొణకకుండా ఉండేందుకు అంది. నిండుకుండ తొణకదంటారు గానీ, ఆ మాట అన్నవాళ్లు కడవ నెత్తిన పెట్టుకుని గుట్టదారిలో నడిచి ఉండరు.

పనికాడ తుమ్మచెట్టు కింద అవ్వ గుంత తీసి, ఇసుక నింపి, మూడు కుండలను మెడల దాకా పూడ్చింది. వాటికి తడి గోనెపట్టాలు చుట్టేది. ఎవరినీ చెంబు ముంచనిచ్చేది కాదు, తనే దోసిట్లో పోసేది. ఎండలోంచి పరుగెత్తుకొచ్చినవాణ్ణి ముందు మొహం కడుక్కోమనేది. రెండు గుక్కలు పోసి, కాసేపు కూర్చోబెట్టి, అప్పుడు కడుపు నిండా పోసేది. మొదటి రోజు కొందరు వేరే ముంతలు తెచ్చుకున్నారు, ఎవరి చేతి నీళ్లు ఎవరు తాగాలన్న పేచీ. మూడో రోజు మధ్యాహ్నానికి ఆ ముంతలు అడుగంటాయి, అందరూ అవ్వ ముందే దోసిలి పట్టారు. మూడో కుండను మాత్రం పని ముగిసేదాకా ముట్టనిచ్చేది కాదు. దాన్ని మనవరాలి పెండ్లికి దాచావా అని నేను వేళాకోళం చేశాను. నీళ్లబండి రాని పొద్దుకు సారూ అని నవ్వింది.

ఆ పొద్దు రానే వచ్చింది. ఒక సాయంత్రం డ్రమ్ము అడుగు తుప్పుపట్టి ఊడింది. తెల్లారేసరికి ఏదో ఒకటి చేసి చూపించాలని నాకు పంతం. ఒక పెద్ద రైతు కొట్టంలో ఖాళీ పత్తిమందు డబ్బాలు ఎనిమిది కనబడ్డాయి. ఒక్కోటి రెండు బిందెల నీళ్లు పట్టేంత. ఆ రోజుల్లో అటువంటి డబ్బాను ఎవరూ పారేసేవారు కాదు, కడిగి జొన్నలు పోసుకునేవాళ్లు, గంజి పోసుకునేవాళ్లు. నేనే బావి దగ్గర కూర్చుని బూడిదతో, ఇసుకతో, చింతపండుతో మూడుసార్లు తోమాను. బండిమీద వాటిని నింపుకుని పనికాడికి చేరేసరికి మధ్యాహ్నమైంది. జనం నాలుకలు పిడచకట్టి ఉన్నారు. నన్ను చూసి లేచి నిలబడ్డారు. గెలిచినవాడిలా బండి దిగాను.

అవ్వ మొదటి డబ్బా దగ్గరికొచ్చింది. నీళ్లు చూడలేదు. మూతి లోపలి అంచును వేలితో రుద్ది వాసన చూసింది. తరవాత ఒక్కో డబ్బానే కిందికి దించి, కాలితో తన్ని నేలపాలు చేసింది. ఎనిమిదింటినీ. మట్టి బుసబుసమంటూ నీళ్లు తాగేసింది. ఆడవాళ్లు శాపనార్థాలు పెట్టారు. నాకైతే కొట్టేంత కోపం వచ్చింది. మూడుసార్లు కడిగానని అరిచాను.

"పైన కడిగినావు సారూ. మూతికాడ రేకు మడిసినారే, ఆ మడతలోకి నీ వేలు పోతాదా? మందు ఆడ కూసోనుంటాది."

తా పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నట్టు నేను వినలేదు. రేపట్నుంచి పనికి రావద్దన్నాను. రేపటి సంగతి రేపు చూద్దామని, ఆమె మూడో కుండ మీది గోనెపట్టా తీసింది. అందరినీ నీడకు పిలిచి, తలా అర గ్లాసు చొప్పున, పిల్లతల్లులతో మొదలుపెట్టి పోసింది. నాకూ పోసింది. మళ్లీ డబ్బాల్లో తెస్తే మళ్లీ తన్నేస్తుందని, ఈలోగా కూలీల ఇళ్లనుంచి మట్టికుండలు అడిగి తెప్పించి బండిని మళ్లీ బావికి పంపాను. వాటిలో ఒకటి దారిలో పగిలింది. అది పార్వతి అనే కూలీది. చంకన మూడేళ్ల పిల్లతో పనికొచ్చే మనిషి. తనకున్నది అదొక్క కుండేనని నాతో అనలేదు, నేనూ అడగలేదు.

సాయంత్రం గదికి వచ్చి, సబ్బుతో చేతులు కడుక్కుని, జొన్నరొట్టె తుంచి నోటిదగ్గర పెట్టుకున్నాను. వేళ్లు వాసన కొట్టాయి. మళ్లీ కడిగాను. మళ్లీ అదే వాసన. గోళ్ల సందుల్లోంచి వస్తోంది. నా చేతులే ఇట్లా ఉంటే ఆ డబ్బాల సంగతేమిటి? రొట్టె అక్కడే వదిలేసి, పొద్దు గుంకకముందే అవ్వ గుడిసెకు పరుగెత్తాను. క్షమించమని అడగాలని ఏవేవో మాటలు కూడగట్టుకున్నాను. ఆమె వాటిని విననేలేదు.

"డబ్బాలు యాడ పెట్టినావు?"

రోడ్డు పక్కనే వదిలేశానని చెప్పాను. అవ్వ గడ్డపార తీసుకుని ముందు నడిచింది. అక్కడ ఏడు డబ్బాలున్నాయి. చుట్టుపక్కల కంపచెట్లన్నీ వెతికాను. ఎనిమిదోది లేదు. ఈ పొద్దు పగిలిన కుండ ఎవరిది అని అవ్వ అడిగింది.

పార్వతి గుడిసెలో డబ్బా మూలన నిండుగా ఉంది, పైన పళ్లెం మూత. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. పిల్ల పొయ్యి ముందు కూర్చుని సంగటి కోసం ఏడుస్తోంది. ఇంకా ఎవరూ నోట పెట్టలేదు. అవ్వ పిల్లను చంకనేసుకుని, ఎసరు బయట గుమ్మరించింది. మధ్యాహ్నం తన ఎదురుగానే అంత గొడవ జరిగినా దాన్నే ఎందుకు తెచ్చావని పార్వతిని అడిగింది. పార్వతి నావైపు చూసింది.

"అవ్వది సాదస్తం అనుకుంటి సారూ. మీరే కడిగి తెచ్చినారు గదా. మీరు తెచ్చింది సెడ్డదెట్లయితాది అనుకుంటి."

నేను జీవితంలో తిన్న చెంపదెబ్బల్లో అంత గట్టిది ఇంకొకటి లేదు. అవ్వ గడ్డపారతో డబ్బాకు బొక్క పొడిచింది. తన ఇంట్లో ఉన్న రెండు కుండల్లో ఒకటి తెచ్చి పార్వతికి ఇచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు మిగిలిన ఏడింటికీ నేనే పొడిచాను. అవ్వ రోడ్డు మీద ఆగి, తిట్టకుండా, నిదానంగా చెప్పింది.

"నేను సెప్తే ముసల్దాని సాదస్తమంటారు. రేపు పనికాడ నువ్వే సెప్పాల అప్పా. నీ మాట మీద ఆ యమ్మి డబ్బా ఇంటికి తీసకపోయింది. నీ మాట మీదనే అందరూ పారెయ్యాల."

నిజం చెబుతున్నాను, భయపడ్డాను. ఇంజనీరు చెవిన పడితే కొత్త ఉద్యోగం ఊడుతుంది. ఎమ్మిగనూరులో నాయన మగ్గం మీద ఇంకెన్నాళ్లు కూర్చుంటాడు? అయినా మర్నాడు పొద్దున మట్టికుప్ప ఎక్కి నిలబడ్డాను. నేను తెచ్చిన డబ్బాల్లో విషముందని, అవ్వ చేసిందే న్యాయమని, ఇళ్లల్లో ఎవరి దగ్గరైనా మందు డబ్బా ఉంటే ఎంత తోమినా నీళ్లకూ గింజలకూ వాడొద్దని చెప్పాను. ఒకామె, మా పిల్లలు తాగుంటే ఏం చేసేవాడివని నిలదీసింది. కానీ ఆ సాయంత్రానికి ఊళ్లోంచి ఇంకో పదకొండు డబ్బాలు రోడ్డు మీదికి వచ్చాయి. కొన్నింట్లో గంజి వాసన ఇంకా పోలేదు. ఇంజనీరు పిలిచి చీవాట్లు పెట్టాడు. ఉద్యోగం పోలేదు. పోయినా ఆ పదకొండింటిని చూశాక బాధపడేవాణ్ణి కాదేమో. అవ్వ ఆ పని ముగిసేదాకా నీళ్లు పోసింది. ఆ సారు వల్ల ఇట్లా అయిందని ఆమె ఎవరితోనూ అనగా నేను వినలేదు.

ఎనభైల్లో కర్ణాటక సరిహద్దున ఉన్న హొళగుంద దగ్గర చెరువుకట్ట పనిలో నా కొలత ఒకటి తప్పింది. వానలు పడబోతుండగా గమనించాను. కాగితం మీద సర్దేయవచ్చు, ఎవరికీ తెలియదు. కానీ నన్ను నమ్మి ఆ కట్ట కింద పది ఇళ్లవాళ్లు నిద్రపోతున్నారు. అవ్వ పోయి అప్పటికి రెండేళ్లు. పదిళ్లకూ నేనే వెళ్లి, నా కొలత తప్పింది, కట్ట బాగుచేసేదాకా మెరకలో పడుకోండని చెప్పాను. ఎనిమిదో ఇంట్లో ఒక ముసలాయన కన్నడంలో తిట్టిన తిట్లలో సగం అర్థం కాలేదు, అర్థమైన సగం చాలింది. అంతా తిట్టాక లోపలికెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి, తాగి పో అన్నాడు. ఆయన గడపలో కూర్చుని ఆ నీళ్లు తాగుతూ, ఎదురుగా లేని అవ్వకు దండం పెట్టుకున్నాను. చేసిన తప్పు వెంట ఇంటింటికీ నడిచిపోయే కాళ్లు నాకు ఆమే ఇచ్చింది. ఆ తరవాత లేచి తొమ్మిదో ఇంటికి పోయాను.