మల్లేశం బావ నోటితో చూపించిన ఆల్బమ్

నిన్న పొద్దున అక్క ఫోన్. ఒకటే ఏడుపు. పక్కనున్న కోడలు ఫోన్ తీసుకుని చెప్పింది.

మల్లేశం బావ ఇక లేడట.

మొన్ననే కదా వీడియో కాల్‌లో నా కొత్త కళ్లద్దాల మీద జోకులేశాడు!

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. వినగానే నాకు ఏడుపు రాలేదు. ముందు గుర్తొచ్చింది నా పెళ్లి రీల్.

మన పిల్లలకు ఈ ముచ్చట తెలియదు. హన్మకొండలో బావకు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. ఎనభైల మొదట్లో నా పెళ్లికి ఫోటోగ్రాఫర్ ఆయనే. ఎదుర్కోళ్ల నుంచి అప్పగింతల దాకా ఆగకుండా క్లిక్కులే.

పెళ్లయిన కొన్నాళ్లకు పుట్టింటికి వచ్చాను. అక్కను ముందు పంపి, బావ పెరటి తలుపు నుంచి వచ్చాడు. తల ఎత్తలేదు.

"రీల్ లోడ్ చేసిన గని, వైండ్ గాలే సుజాతా. కడిగితే అంత ఖాళీ."

రెండూ ఒకటే అనుకున్నాను. కాదట. కెమెరాలో రీల్ పెట్టడం లోడ్. దాని కొస అవతలి చక్రానికి పట్టుకుని, ఫోటో ఫోటోకూ ముందుకు జరగడం వైండ్. కొస జారిపోతే క్లిక్ వినిపిస్తూనే ఉంటుంది, రీల్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది, ఒక్క ఫోటో కూడా పడదు.

అవతల నెక్కొండలో మా అత్తగారు ఆల్బమ్ వస్తోందని వాడంతా చెప్పి పెట్టింది. ఆమెకు ముఖం ఎలా చూపించాలి? అమ్మ మాత్రం ఎప్పటిలాగే బావకు చాయ్ తెచ్చి ఇచ్చింది. దానికి బావ ఇంకా కుంగిపోయాడు.

కాసేపటికి గడప మీద కూర్చుని, తను తీసిన ఫోటోలన్నీ వరసగా చెప్పడం మొదలుపెట్టాడు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు నేను నవ్వాపుకోలేక పెదవి కొరుక్కున్నానట. తలంబ్రాలప్పుడు మా ఆయన కంట్లో బియ్యం పడ్డాయట.

"మీ నాయిన స్తంభం చాటుకు పోయి కండువతోని కండ్లు తుడుసుకున్నడు. నువ్వు చూడలే. నేను చూసిన."

మా నాన్న ఏడ్చాడని నాకు తెలిసింది అలాగే.

ఆ తర్వాత ఏ పెళ్లిలోనైనా, ఫోటోలు మొదలుపెట్టే ముందు కెమెరా మీద, రీల్ జరిగితేనే తిరిగే గుండీ కదలడం చూసుకుని, అందరికీ వినపడేలా "తిరుగుతాంది" అనేవాడు. పంతులు కూడా ఆ మాట కోసం ఆగేవాడు. మేమంతా పగలబడి నవ్వేవాళ్లం. ఆయనా నవ్వేవాడు. చెవులు మాత్రం ఎర్రబడేవి.

కలిసినప్పుడల్లా "బావా, నా ఆల్బమ్ చూపియ్యి" అని సతాయించేదాన్ని. సిగ్గుపడుతూనే చెప్పేవాడు. ఒక్క ఫోటో తప్పేది కాదు.

నిన్న అక్క ఇంటికి వెళ్లి ఆయన పక్కన కూర్చున్నప్పుడు అక్క అడిగింది, ఒక్కసారి ఆ ఆల్బమ్ చెప్పవే అని.

మొదలుపెట్టాను. నాన్న కండువా దాకా వచ్చాను.

ఆ తర్వాత ఏ ఫోటో?

గుర్తు రాలేదు. ఇన్నేళ్లు ఆయనను ఏడిపించడానికే అడిగాను. వినలేదు.

పోయి రా బావా. నీ సిగ్గు ఇక్కడే వదిలెయ్, ఇక అది నాది. నువ్వు మాత్రం తల ఎత్తుకుని, నిమ్మళంగా ఉండు.